పెళుసు గాలాలు: చీరాలలో ట్రౌట్ ఎరలు కట్టిన ఏళ్లు

ట్రౌట్ చేపను నేను ప్రాణంతో ఎప్పుడూ చూడలేదు. అది చలిదేశాల్లో, కొండవాగుల చన్నీళ్లలో బతికే చేప. మన దేశంలోనూ ఉత్తరాది కొండల్లో ఉందంటారు. చీరాల ఎండలో పుట్టి పెరిగిన నేను దాని కోసం ముప్పై ఏళ్లకు పైగా ఎరలు కట్టాను. మొదట్లో కట్టేదాన్ని, తర్వాత అందరూ కట్టినవాటిని పరీక్షించేదాన్ని, చివరికి షెడ్డులో పనంతా చూసేదాన్ని. పోయిన ఏడు మానేశాను. చూపు ఆనడం లేదు.

ఈ మధ్య షెడ్డులో కొత్తగా చేరిన అమ్మాయిలు ఇంటికొచ్చి, పని గురించి ఏమైనా చెప్పమన్నారు. దారం ఎలా చుట్టాలో, ముడి ఎలా బిగించాలో నాలుగు నెలలు కూర్చుంటే చేతులకే వస్తుంది. చేతులకు రానివి కొన్ని ఉన్నాయి. అవి రాసి పెడదామనుకున్నాను. మా మనవరాలు టైపు చేస్తోంది.

మేం కట్టేది

చిన్న ట్రౌట్ పురుగుల్ని తింటుంది. పెద్దదయ్యాక పురుగులు దానికి చాలవు, చిన్న చేపల్ని వెంటాడి మింగుతుంది. ఆ చిన్న చేపలా కనిపించే ఎరను స్ట్రీమర్ అంటారు. వేలెడంత గాలం మీద ముందు ఇత్తడి కళ్లు, వెనక తోకలా కుందేలు తోలు చీలిక, పైన కోడి మెడ ఈకలు, పక్కల రెండు తళుకు పోగులు. వీటన్నిటినీ పట్టి ఉంచేది సన్నటి దారం. తల దగ్గర ముడి, దాని మీద ఒక బొట్టు వార్నిష్. ఆర్డరులో ఏవో ఇంగ్లీషు పేర్లుండేవి. మాకు నోరు తిరగక పచ్చదాన్ని పాచి అనీ, నల్లదాన్ని కాకి అనీ, తెల్లదాన్ని పరిగె అనీ పిలుచుకునేవాళ్లం.

మా ఆయన గుంట మగ్గం మీద నేసేవాడు, నేను కండెలు చుట్టేదాన్ని. మగ్గానికి పని తగ్గిన రోజుల్లో, వేటపాలెం రోడ్డులో ఒక షెడ్డులో ఈకల పని పెట్టారనీ, దారం పట్టుకోవడం తెలిసిన ఆడవాళ్లు కావాలంటున్నారనీ విన్నాను. దారం గురించి మాకు ఇంకెవరు చెప్పాలి అనుకుంటూ వెళ్లాను. ఆ ధీమా ఎక్కువ రోజులు నిలవలేదు.

శేషయ్య గారి నీళ్ల తొట్టి

షెడ్డు శేషయ్య గారిది. వయసులో ఉన్నప్పుడు ఎక్కడో దూరాన ఇలాంటి ఎగుమతి కంపెనీలో పనిచేసి, విద్య పట్టుకుని సొంతూరికి వచ్చేశారు. బక్కపల్చటి మనిషి, గొంతు మాత్రం పెద్దది.

గది మధ్యలో గాజు తొట్టి ఉండేది. కట్టిన ఎరకు దారం తగిలించి అందులో వదిలి, కుదుపుతూ లాగి చూసేవారు. పని కాస్త లొంగిందనుకున్నాక నేనొక పరిగె కట్టాను. బల్ల మీద పెడితే పెళ్లికూతురిలా ఉంది. తొట్టిలో వేసేసరికి ఈకలన్నీ అంటుకుపోయి తడిగుడ్డలా అడుక్కి దిగిపోయింది. ఆయన దాన్ని పైకి తీసి, బ్లేడుతో తల నుంచి తోక దాకా కోసి, బోడి గాలం నా చేతిలో పెట్టారు.

"ఎండలో అందంగా ఉంటే సరిపోదమ్మాయ్. నీళ్లలో ప్రాణం ఉన్నట్టు కదలాలి."

తప్పెక్కడుందో సాయంత్రం పిలిచి చెప్పారు. నేను ఈకలు ఎక్కువ వేశాను. నీళ్లు వాటి సందుల్లోంచి పోవాలి, పోతూ పోతూ వాటిని ఊపాలి. సగం ఈకలతో మళ్లీ కట్టాను. బల్ల మీద బక్కగా కనిపించింది గానీ తొట్టిలో పడగానే ఒళ్లు విరుచుకుని ఈదింది.

ఆయన చెప్పింది నిజం. చెప్పిన తీరు నాకు ఇప్పటికీ నచ్చదు. అలా నలుగురి ముందు కోయించుకుని, ముఖం చెల్లక మానేసిన మంచి పనివాళ్లను నేనెరుగుదును. పని చూసే వంతు నాకొచ్చాక ఎవరి ఎరనూ అందరి ముందు కోయలేదు. పక్కకు పిలిచి వాళ్ల చేతే కోయించాను. మీకు ఆ అధికారం వచ్చిన రోజున మీరూ అలాగే చేయండి.

మొగ దగ్గర

కట్టేవాళ్లు ఎర చేప నోట్లో పడ్డాక ఏమవుతుందో చూడాలని శేషయ్య గారి పట్టుదల. ట్రౌట్ మన దగ్గర దొరకదు. కానీ కాలువ సముద్రంలో కలిసే మొగ దగ్గర పండుగప్ప ఉంటుంది. అదీ చిన్న చేపల్ని వేటాడేదే, నోరు పెద్దది, బలం చెప్పనక్కర్లేదు. బయట దేశం కంపెనీ వాళ్లు వదిలి వెళ్లిన గాలం రాడ్డు ఒకటి ఆయన దగ్గర ఉండేది. సెలవు రోజున మాలో ఇద్దరు ముగ్గుర్ని పడవలో తీసుకెళ్లేవారు.

చీర కుచ్చిళ్లు దోపుకుని రాడ్డు పట్టుకున్న మొదటి రోజు ఒడ్డున వలలు బాగుచేసుకునేవాళ్లు పని ఆపి నవ్వారు. విసిరితే తాడు నా మెడకే చుట్టుకుంది. నిదానంగా అలవాటైంది. ఎరను నీళ్లలో దిగనివ్వాలి. తర్వాత ఎడమచేత్తో తాడును కుదుపుగా రెండుసార్లు లాగి, ఆపాలి. మళ్లీ లాగి, ఆపాలి. లాగుతున్నప్పుడు చేప వెంటపడుతుంది. ఆపినప్పుడు, పారిపోయే పిల్లచేప అలిసిపోయిందనుకుని మీద పడుతుంది. ఆ ఆపిన క్షణంలో ఒళ్లంతా చెవులై ఉండాలి.

నాకు తగిలిన మొదటి పండుగప్ప పెద్దదేం కాదు. అయినా చెయ్యి భుజం దాకా గుంజేసింది. పడవలోకి లాగాక శేషయ్య గారు దాని నోరు తెరిచి నా వేలు గాలం వంపు మీద పెట్టించారు.

"ఇదిగో, దాని బరువంతా ఈ వంపు మీదే నిలిచింది. పెద్ద చేప అస్తమానం రాదు కోటమ్మా. కొందరు ఏళ్ల తరబడి ఒక్క చేప కోసం తిరుగుతారు. వచ్చిన రోజున మన చేతిపని వాళ్లను మోసం చేయకూడదు."

నా పూర్తి పేరు కోటేశ్వరమ్మ. అందరికీ కోటమ్మనే.

పగిలిన చప్పుడు

శేషయ్య గారు పక్షవాతంతో మంచాన పడ్డాక షెడ్డు ఆయన మేనల్లుడు మురళి గారి చేతికి వచ్చింది. చదువుకున్నవారు, నెమ్మదస్తులు. కేకలుండేవి కావు. మంచి లైట్లు పెట్టించారు, నడుము నొప్పి లేకుండా కుర్చీలు మార్పించారు. ఒకటే లోపం. ఎర ఎప్పుడూ తన చేత్తో కట్టలేదు. అందుకని సరుకును చేత్తో కాక, పెట్టె మీద ముద్ర చూసి నమ్మేవారు.

గాలాలు మాకు ఎప్పుడూ ఒకే చోటు నుంచి వచ్చేవి. ఒక ఏడు అవి ఆలస్యమయ్యాయి. చేతిలో పెద్ద ఆర్డరుంది. వేరే వ్యాపారి ఒకడు అవే గాలాలు తన దగ్గరున్నాయన్నాడు. అదే పెట్టె, అదే ముద్ర. మెరుపూ మొన వాడీ చూస్తే ఏ తేడా లేదు. ఆ సీజనంతా వాటి మీదే కట్టాం. పెట్టెలు కిటికీ ఎత్తున పేరుకున్నాయి.

ఆర్డరు పూర్తవబోతున్న రోజుల్లో ఒక మధ్యాహ్నం నాగమణి ముందు, గాలాన్ని బిగించి పట్టే వైసు దగ్గర టప్పుమని చప్పుడైంది. మా అందరిలో చెయ్యి తిరిగిన పనిమంతురాలు నాగమణి. దారం బిగించి లాగుతుంటే గాలం విరిగింది. వంపు వైసులోనే ఉండిపోయి, మిగతా ముక్క ఎగిరి ఆమె ముఖానికి తగిలింది. కంటి కింద ఎముక మీద చీరుకుపోయింది. ఒక్క వేలు పైకి తగిలి ఉంటే కన్ను పోయేది. అందరం లేచాం. నాగమణి కొంగుతో అదుముకుని, కంట్లో కాదు, కంట్లో కాదు అని తనకు తనే చెప్పుకుంటోంది. మురళి గారు ఆమెను కారులో ఆసుపత్రికి తీసుకెళ్లారు.

నేను షెడ్డులో ఉండిపోయాను. అదే పొట్లంలోంచి ఒక గాలం తీసి కటింగ్ ప్లేయరుతో పట్టి వంచాను. మంచి గాలం కొద్దిగా వంగి, వదలగానే మళ్లీ నిలబడుతుంది. అది నిలబడింది. రెండోదీ నిలబడింది. మూడోది పుల్లలా విరిగింది. ఇంకో పొట్లం విప్పాను. దాంట్లో అన్నీ మంచివే. ఇంకోదాంట్లో సగానికి సగం పెళుసు. చూపుకు మంచిదీ చెడ్డదీ ఒక్కలాగే ఉన్నాయి. గోడకు పేర్చిన పెట్టెల వైపు చూశాను. అవన్నీ ఈ గాలాల మీద కట్టినవే.

మురళి గారు తిరిగొచ్చాక ఆయన ముందు ఒకటి వంచి చూపించాను. ప్లేయర్ తీసుకుని తనే వంచడం మొదలుపెట్టారు. విరిగిన ప్రతిసారీ ఒక్క క్షణం ఆగి, ఇంకోటి తీసుకున్నారు. వ్యాపారికి ఫోన్ చేస్తే ఒకసారి ఎత్తాడు, తర్వాత ఎత్తలేదు.

కట్టినవాటిని ఒక్కొక్కటే వంచి, మంచివి వేరు చేయగలమా అని అడిగారు. వంచితే ఈకలు నలిగిపోతాయని చెప్పాను. ఇవాళ నిలిచింది చేప గుంజినప్పుడు నిలుస్తుందన్న నమ్మకమూ లేదు. ఎన్ని విరుగుతాయి అని అడిగారు. తెలియదన్నాను. కొనేవాళ్ల తరఫు మనిషి పీటర్ గారు ఆ వారంలోనే సరుకు చూడ్డానికి వస్తున్నారు.

నాగమణి మాట

మర్నాడు ఎవరూ దారం ముట్టుకోలేదు. నాగమణి చెంప మీద ప్లాస్టరుతో వచ్చింది. రావద్దన్నా వచ్చింది. అందరం బల్లల మధ్య కింద కూర్చున్నాం. ఏం చేయాలన్నది మాట.

ఆమె కోపంగా ఉంటుందనుకున్నాను. దెబ్బ తగిలింది తనకే కదా. కానీ అందరికంటే గట్టిగా, బయటికి చెప్పొద్దన్నది ఆమే.

"ఈ సరుకు తిరిగొస్తే షెడ్డు మూతపడుద్ది. తిరిగి వెళ్లడానికి మన మగ్గాలున్నాయా? ఎక్కడో ఎవరో సరదాకి చేపలు పట్టుకుంటారు. ఒకటి తప్పించుకుపోయిద్ది, అంతే. ఇక్కడ మనం పిల్లలతో రోడ్డున పడతాం."

"నీ కన్ను పోయేది కదే" అన్నాను.

"పోలేదుగా అక్కా."

మా ఆయనకు అప్పటికి మోకాళ్లు పట్టేసి మగ్గం దిగి కొన్నాళ్లయింది. నా పని పోతే మా ఇంట్లోనూ ఇంకో ఆధారం లేదు. ఆమె చెప్పిన ప్రతి మాటా నాకూ వర్తిస్తుంది. అయినా పెట్టెల మీద పరీక్షించినట్టు గుర్తు వేసేది నేను. నా గుర్తు చూసి అవతలివాళ్లు నమ్ముతారు. అందుకని వాళ్లందరికీ ముందే చెప్పాను. నా అంతట నేను నోరెత్తను. కానీ పీటర్ గారు నన్ను అడిగితే అబద్ధం చెప్పను.

"ఆయన నిన్నెందుకు అడుగుతాడక్కా? నీకు ఇంగ్లీషు రాదుగా" అంది నాగమణి. కొందరు నవ్వారు. గుమ్మం దగ్గర నిలబడి అంతా వింటున్న మురళి గారు నవ్వలేదు. అక్కడి నుంచి వెళ్లిపోయారు.

ఆ వారం నేను షెడ్డులోకి అడుగుపెడితే మాటలు ఆగిపోయేవి.

పీటర్ గారు అడిగిన ప్రశ్న

పీటర్ గారు పెద్దవారు, పొడగరి, మాటలు తక్కువ. శేషయ్య గారి కాలం నుంచి కొన్నేళ్లకొకసారి వచ్చి పోతుండేవారు. వచ్చిన రోజునే శేషయ్య గారి మంచం పక్కన కూర్చుని ఆయన పనిచేయని చేతిని చాలాసేపు పట్టుకున్నారట. మర్నాడు షెడ్డుకొచ్చి, పేర్చిన పెట్టెల్లోంచి ఒకటి తనే దించి, విప్పి, నాలుగైదు పరిగెలు తీసుకున్నారు. శేషయ్య గారితో వెళ్లినట్టే మొగకు వెళ్దామన్నారు. నన్నూ రమ్మన్నారు. నేను నా పనిసంచీ భుజాన వేసుకుని బయల్దేరాను. అందులో కత్తెరా, బ్లేడూ, ప్లేయరూ ఎప్పుడూ ఉండేవే.

పడవలో నలుగురం. పడవవాడు, పీటర్ గారు, మురళి గారు, నేను. పోటు మొదలై సముద్రపు నీళ్లు కాలువలోకి ఎక్కుతున్నాయి. పీటర్ గారు ముందు భాగంలో నిలబడి విసరడం మొదలుపెట్టారు. తాడు గాలిలో బారుగా సాగి, ఎర నీళ్లలో చప్పుడు లేకుండా పడేది. రెండు కుదుపులు, ఆపడం. రెండు కుదుపులు, ఆపడం. ఏ చేపా రాకూడదని నా జీవితంలో మొదటిసారి దణ్ణం పెట్టుకున్నాను. మురళి గారు కళ్లద్దాలు తీసి తుడిచి పెట్టుకుంటున్నారు, మళ్లీ తీస్తున్నారు.

నాకు నమ్మకం చిక్కుతోంది, ఇవాళ ఏమీ పడదని. అప్పుడు పడింది.

ఆపిన క్షణంలోనే నీళ్లు గుండ్రంగా పైకి లేచి, రాడ్డు అడుగు దాకా వంగింది. పెద్ద పండుగప్ప. ఒకసారి పూర్తిగా నీళ్లపైకి ఎగిరి తల విదిలించింది, దాని దవడ పక్కన తెల్లగా మా పరిగె కనిపించింది. తాడు బుర్రున పరిగెత్తింది. ఇప్పుడు విరుగుద్ది అనుకున్నాను. విరగలేదు. చేప వలలు కట్టే కొయ్యల వైపు మళ్లింది, ఆయన బలమంతా పెట్టి వెనక్కి లాగారు. ఇప్పుడు. అప్పుడూ విరగలేదు. చివరికి అది అలిసి పక్కకు వాలితే పడవవాడు వల కింద పెట్టి ఎత్తాడు.

గాలం దాని దవడ మూలలో చెక్కుచెదరకుండా ఉంది. మురళి గారు వదిలిన ఊపిరి నాకు వినపడింది. పీటర్ గారు చిన్నపిల్లాడిలా నవ్వుతూ గాలం ఊడదీసి, చేపను రెండు చేతులతో పట్టి మళ్లీ నీళ్లలో వదిలేశారు. పడవవాడు అది పోయిన వైపే చూస్తూ ఉండిపోయాడు.

అంతా అయిపోయిందనుకున్నాను. నన్నెవరూ ఏమీ అడగలేదు. నేను ఏ అబద్ధమూ చెప్పలేదు. సరుకు వెళ్లిపోతుంది, షెడ్డు నడుస్తుంది. నాకు నిజంగా సంతోషమేసింది. అది దాచను.

పీటర్ గారు ఆ ఎరను అరచేతిలో పెట్టుకుని, నా వైపు చూస్తూ మురళి గారితో ఏదో అన్నారు. మురళి గారు కళ్లద్దాలు మళ్లీ తీసి తుడిచి పెట్టుకున్నారు. తర్వాత తెలుగులో చెప్పారు.

"దీన్ని పరీక్షించింది నువ్వేనని చెప్పానక్కా. పెట్టెల్లో ఉన్నవన్నీ ఇలాగే నిలుస్తాయా అని నిన్ను అడగమంటున్నారు."

ఆ ప్రశ్నను ఆయన నా దాకా తేనక్కర్లేదు. నిలుస్తాయని తనే జవాబు చెప్పేసినా నాకు తెలిసేది కాదు. ఆ సంగతి నాకు తట్టింది తర్వాత.

"నిలవవండీ. కొన్ని నిలుస్తాయి, కొన్ని విరుగుతాయి. ఏవి విరుగుతాయో మాకు తెలియదు."

మురళి గారు నా ముఖం చూడలేదు. నీళ్ల వైపు చూస్తున్నారు. పీటర్ గారు ఇంకా నవ్వు ముఖంతోనే ఒకసారి నన్నూ, ఒకసారి ఆయన్నూ చూస్తున్నారు. నాకొచ్చిన ఇంగ్లీషల్లా హుక్, థ్రెడ్, గుడ్, బ్యాడ్. మురళి గారి నోట గుడ్ అన్న మాట వస్తే నాకు తెలిసిపోతుంది. తెలిస్తే ఏం చేస్తాను? సంచీలో ప్లేయరుంది. తీసేదాన్నో, తల దించుకుని కూర్చునేదాన్నో ఇప్పటికీ చెప్పలేను.

ఆయన మొదలుపెట్టారు. చాలాసేపు మాట్లాడారు. హుక్ అన్న మాట వినపడింది. మళ్లీ వినపడింది. నాగమణి పేరు వినపడింది. ఆ పేరు చెబుతూ ఆయన తన వేలు కంటి కింద పెట్టుకున్నారు.

పీటర్ గారి నవ్వు నెమ్మదిగా తగ్గిపోయింది. పడవ బల్ల మీద కూర్చుని నా వైపు చెయ్యి చాపారు. ప్లేయర్ తీసి ఇచ్చాను. చేపను పట్టిన గాలాన్ని వంచారు. నిలిచింది. ఇంకోటి తీసి వంచారు. అదీ నిలిచింది. మూడోది టప్పుమంది. ఆ రెండు ముక్కలూ చొక్కా జేబులో వేసుకుని, పడవను ఒడ్డుకు పోనిమ్మని సైగ చేశారు.

ఒడ్డున దిగాక నేను మురళి గారిని అడిగాను. వేరే ఏం చెప్పినా మాకెవరికీ తెలిసేది కాదు కదా అని.

"ఆసుపత్రిలో కుట్లు వేస్తున్నంతసేపూ నాగమణి నా చెయ్యి పట్టుకుందక్కా" అన్నారు.

ఎర కట్టడం రానివాడని నేను ఆ మనిషిని లోలోపల తక్కువగా చూశాను. మీ పై అధికారికి మీ పని చేతనవుతుందా అన్నది ఒక లెక్కే. కష్టం వచ్చినప్పుడు అతను ఏం చేస్తాడన్నది చూశాకే అతని మీద ఒక మాట అనండి.

కోత

సరుకు తీసుకోలేదు. పీటర్ గారు కోప్పడలేదు గానీ, ఇంకెవరి చేతికీ పోకుండా మొత్తం కోసేయాలని చెప్పి వెళ్లారు. సీజనంతా కట్టినవాటిని కట్టినవాళ్లమే కోశాం. కళ్లు, తోలు చీలికలు, పనికొచ్చే ఈకలు వేరు చేయడం, గాలాలు డబ్బాలో పడేయడం. మురళి గారు అందరికంటే ముందు వచ్చి కూర్చునేవారు. బ్లేడు పట్టడం రాక రెండు చేతులూ గాట్లు చేసుకున్నారు. కొందరు ఏడుస్తూ కోశారు. నాగమణి ఏడవలేదు, నాతో మాట్లాడనూ లేదు.

తర్వాత షెడ్డు మూతపడింది. ఆమె చెప్పినట్టే అయింది. కొందరు వేటపాలెం జీడిపప్పు పనికి పోయారు. కొందరు గుంటూరు వైపు మిరప కోల్డ్ స్టోరేజీల దగ్గర తొడిమలు తీసే పనికి పోయారు. వీధిలో ఎదురైతే తల తిప్పుకున్నవాళ్లున్నారు. వాళ్లను నేను తప్పు పట్టలేదు. నిజం చెప్పడం మంచిదని అందరూ చెబుతారు. అది చెప్పిన మనిషితో పాటు, చెప్పొద్దన్నవాళ్లు కూడా దాని బరువు మోయాల్సి వస్తుందని ఎవరూ చెప్పరు. మీకు అలాంటి రోజు వస్తే, మీ మనసులో ఏముందో పక్కన కూర్చున్నవాళ్లకు ముందే చెప్పండి. నేను చేసిన పనుల్లో నాకు తృప్తినిచ్చేది అదొక్కటే.

మళ్లీ

వానలు మొదలయ్యాక పీటర్ గారి దగ్గర నుంచి గాలాలు వచ్చాయి, చిన్న ఆర్డరుతో. అందర్నీ పిలుచుకురమ్మని మురళి గారు నాకు చెప్పారు. ఇల్లిల్లూ తిరిగాను. కొందరు వస్తామన్నారు. కొందరు తలుపు దగ్గరే పంపేశారు, మళ్లీ ఎప్పుడూ రాలేదు.

నాగమణి గుంటూరు దగ్గర వాళ్ల అక్క ఇంట్లో ఉంటోందని తెలిసి బస్సెక్కాను. ఆమె పనిచేసే చోటు పొడుగాటి రేకుల షెడ్డు. మిరపకాయల గుట్టల మధ్య ఆడవాళ్లు ముక్కులకు గుడ్డలు కట్టుకుని తొడిమలు తీస్తున్నారు. గుమ్మంలోనే నాకు దగ్గు తెర ఎత్తుకుంది. నాగమణి నన్ను చూసింది. లేవలేదు. నేనే వెళ్లి ఎదురుగా కూర్చున్నాను. కళ్లలోంచి నీళ్లు కారుతుంటే సంగతి చెప్పాను.

ఆమె చేతిలో పని ఆపకుండా విన్నది.

"నీ మీద కోపం లేదంటే అబద్ధమవుద్ది" అంది. "నువ్వు చెప్పకుండా ఉండాల్సిందని ఇప్పటికీ అంటాను."

"అను. పనికి రా."

ఇంకో గుప్పెడు కాయలు ముందుకు లాక్కుంది. తర్వాత అడిగింది.

"కొత్త గాలాలు ఎవరు వంచి చూశారు?"

నేనే చూశానని చెప్పాను. అన్నీ మంచివేనన్నాను.

"నేను చూసేదాకా కట్టను."

నాగమణికి చేతుల్లో మిరప మంట తగ్గడానికి కొన్ని రోజులు పట్టింది. ఆ చేతులతో ఈకలు ముట్టుకోకూడదు, కళ్లు తుడుచుకోకూడదు. తర్వాత ఒక ఉదయం షెడ్డుకు వచ్చింది. వచ్చిన వాళ్లం అందరం ఎవరి కుర్చీల్లో వాళ్లం ఉన్నాం. మురళి గారు గుమ్మంలో ఉన్నారు. నాగమణి నేరుగా వెళ్లి తన కుర్చీలో కూర్చుంది. గాలాల పెట్టె తన ముందుకు లాక్కుని, ప్రతి పొట్లం విప్పి, ఒక్కో గాలాన్నీ వైసులో బిగించి, ముఖం పక్కకు తిప్పుకుని వంచడం మొదలుపెట్టింది. ఒక్కొక్కటీ వంగి, మళ్లీ లేచి నిలబడింది. పెట్టె ఖాళీ అయ్యేదాకా మాలో ఎవరూ దారం ముట్టుకోలేదు. చివరిది కూడా నిలిచాక, దాన్ని వైసులోంచి తీయకుండానే, దారం అందుకుని చుట్టడం మొదలుపెట్టింది.

అప్పుడు మేమందరం మా దారాలు తీశాం.